పడవ తాత కోసం రెండోసారి

"మూడు నెలలా!"

అతను కుర్చీలోంచి లేవబోయాడు. కుడి చెయ్యి ఫిజియోథెరపిస్టు చేతుల్లోనే ఉండిపోవడంతో మళ్ళీ కూలబడ్డాడు.

"మణికట్టు తిప్పొద్దని ఇప్పుడేగా చెప్పాను," అందామె, అతని బొటనవేలి మొదట్లో నొక్కి చూస్తూ. "ఇక్కడ నొప్పిగా ఉందా?"

"లేదు."

"మరి మొహం ఎందుకలా పెట్టారు?"

"మీరు మూడు నెలలన్నారని."

ఆమె నవ్వాపుకుంది. ఆపుకోవడం కూడా కనిపించేసరికి అతనికి ఒళ్ళు మండింది.

"చూడండి మేడమ్, నేను టైంపాస్‌కి ఆడేవాణ్ణి కాను. మా టీమ్‌లో నన్ను తూటా అంటారు. వచ్చే నెల టోర్నమెంటుంది."

"తూటాగారూ, మీ నరం వాచింది. దానికి టోర్నమెంటు సంగతి తెలీదు. తెలిసినా వినదు. మౌస్ ముట్టుకోకండి."

"మరి నేనేం చెయ్యాలి?"

"ఎడమ చేత్తో టీ తాగొచ్చు."

తుపాకులతో కాల్చుకునే ఆన్‌లైన్ ఆటలో అతనికి మంచి పేరే ఉంది. అతను హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇంట్లో అక్కా బావా పిలవడం కూడా మానేశారు. అయితే ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. చెయ్యి నొప్పి రాకముందే అతనికి ఆట రుచి పోయింది. ఓడితే టీమ్ వాళ్ళ తిట్లు. గెలిస్తే హమ్మయ్య అనుకోవడం, అంతే. చిన్నప్పుడు బడి నుంచి పరుగెత్తుకొచ్చి, షూస్ కూడా విప్పకుండా ఆడిన సంబరం ఎప్పుడు పోయిందో గుర్తు లేదు.

మొదట్లో క్లినిక్‌కి విసుక్కుంటూ వెళ్ళేవాడు. ఆమె కరిగిన మైనంలో అతని చెయ్యి ముంచి, టవల్ చుట్టి, గోడవారగా కూర్చోబెట్టేది. తర్వాత మెత్తటి రబ్బరు ముద్ద ఇచ్చి పిసకమనేది. అతను పిసుకుతున్నంతసేపూ ఆమె కబుర్లే కబుర్లు. ఇంట్లో ఆమెని పిచ్చుక అని పిలుస్తారని తెలిసినప్పుడు అతనికేం ఆశ్చర్యం కలగలేదు.

ఒకరోజు త్వరగా వెళ్ళాడు. భోజనాల వేళ, హాల్లో ఎవరూ లేరు. ఆమె లంచ్ బాక్స్ పక్కకి తోసి, చేతిలో ఇమిడే పాత గేమ్ మిషన్ ఒకటి పట్టుకుని తనలో తనే గొణుక్కుంటోంది. "మంత్రం వెయ్యనా, మందు పొయ్యనా? మందు పోస్తే వీడు బతుకుతాడు, కానీ తాత పోతాడు..."

"మీరూ ఆడతారా!"

ఆమె ఉలిక్కిపడి మిషన్‌ని టవల్ కింద దాచబోయి, దాచలేక నవ్వేసింది. అతను వంగి చూశాడు. తెరమీద నలుగురు మనుషులు ఒకవైపు, తాబేలు లాంటి భూతం ఒకవైపు. ఎవరూ కదలడం లేదు.

"హ్యాంగయిందా?"

"లేదు, నేను ఆలోచిస్తున్నాను. ఇది జపాన్ వాళ్ళ కథల ఆట. వంతులవారీగా ఆడాలి. నా వంతులో నేను చెప్పేదాకా అందరూ ఆగుతారు."

"ఆ తాబేలు కూడానా?"

"అది కూడా."

"అంటే మీరు కొట్టేదాకా అది నించుని చూస్తుంది, తర్వాత అది కొడితే మీరు నించుని చూస్తారు. మీవాళ్ళవి పోట్లాటలా, పెళ్ళి పలకరింపులా?"

"ఒక్కసారి ఆడి అప్పుడు వెక్కిరించండి. ఎడమ బొటనవేలు చాలు, డాక్టరు పర్మిషన్ కూడా ఉంది." ఆమె కొత్తగా ఆట మొదలుపెట్టి అతని చేతికిచ్చింది. "నేను ఇంతదాకా ఆడి దాచుకున్న సేవ్ జోలికి మాత్రం వెళ్ళకండి."

మైనం చల్లారేలోగా అతని మనుషులందరూ మొదటి భూతం చేతిలో చచ్చారు.

"ఎప్పుడూ కొట్టడమేనా?" ఆమె తల పట్టుకుంది. "ఆ దీపం పట్టుకున్న అమ్మాయి వైద్యం చేస్తుంది. దాని చేత కూడా కత్తి తిప్పిస్తారేంటండీ బాబూ!"

"త్వరగా అయిపోతుందని."

"ఎందుకు త్వరగా? ఎక్కడికెళ్ళాలి మీరు?"

అతను గోడ గడియారం వైపు చూశాడు. నిజంగానే ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు.

నాలుగైదు సార్లయ్యాక ఆ భూతాన్ని గెలిచాడు. గెలిచినందుకు కాదు గానీ, పడిపోయిన కత్తివాణ్ణి దీపం పిల్ల లేపి నిలబెట్టినప్పుడు "లేరా లేరా" అని పైకే అన్నాడు. పక్క మంచం మీద మోకాలికి కరెంటు పెట్టించుకుంటున్న ముసలావిడ తల తిప్పి చూసింది.

"ఏం బాబూ, పడవ తాత వచ్చాడా నీ ఆటలో?"

"అలాంటివాళ్ళెవరూ ఇంకా రాలేదండీ. ఈ ఆట మీకెలా తెలుసు?"

"మా అమ్మమ్మ," అంది పిచ్చుక సిగ్గుపడుతూ. "ఆ ఆటలో మాటలన్నీ ఇంగ్లీషులో వస్తాయి. నేను తెలుగులో చదివి వినిపిస్తాను. ఆవిడకిది రోజువారీ సీరియల్."

"సీరియల్ అయితే ప్రకటనలుంటాయి. ఇందులో అవీ లేవు," అంది అమ్మమ్మ.

ఆ తర్వాతి వారం పిచ్చుక ట్రైనింగ్ కోసం వేరే ఊరు వెళ్ళాల్సి వచ్చింది. అమ్మానాన్నల ఉద్యోగాలు ఎక్కడో కావడంతో ఇంట్లో ఉండేది అమ్మమ్మా మనవరాలే. ఆవిడ మోకాలి సంగతి చూసుకోమని పక్కింటివాళ్ళకి చెప్పిందట. మరి కథ సంగతో?

"మీకు వీలైతే రోజూ నాలుగింటికి వెళ్ళి ఆవిడకి కాసేపు చదివి పెట్టండి," అంది అతనితో, మిషన్ చేతికిస్తూ. "నా సేవే ఆడండి. తాబేలుని కొట్టే బలం కోసం ముందు మిగతా ఊళ్ళు తిరగాలి. కానీ దాని గుహ ముందు ఆగిపోవాలి. లోపలికి మాత్రం నేనొచ్చాకే. ప్రామిస్?"

"ప్రామిస్."

ఆ వారమంతా వాన. గొడుగు మూల నిలబెట్టి, ముందు గదిలో చాప మీద కూర్చుని, మిషన్‌ని టీవీకి కలిపి చదివేవాడు. మొదటి రోజు వార్తల్లా చదివితే అమ్మమ్మ కసిరింది.

"ఆ కత్తివాడు అలా మాట్లాడతాడా? కాస్త బడాయిగా చదువు నాయనా!"

మర్నాటికి కత్తివాడికో గొంతు, దీపం పిల్లకో గొంతు, దొంగ వర్తకుడికి ముక్కుతో మాట్లాడే గొంతు వచ్చేశాయి. పడవ తాతకి మాత్రం అమ్మమ్మే దగ్గుతూ గొంతిచ్చేది. తాత మొండివాడు, చిరాకు మనిషి, అయినా దీపం పిల్ల తడిస్తే తన కంబళి తీసి కప్పేవాడు.

ఒకరోజు వాళ్ళు సముద్రం ఒడ్డున చిన్న ఊరు చేరారు. అక్కడ యుద్ధాలు లేవు. నీళ్ళమీద వెలుగు, నెమ్మదైన పాట.

"ఇక్కడ చెయ్యడానికేం లేదు, పదండి అమ్మమ్మా."

"ఆగు. వాళ్ళు ఎంత నడిచారు పాపం! కాసేపు ఇక్కడే ఉండనీ."

అతను ఆగాడు. వంతెన చివర నలుగుర్నీ నిలబెట్టి మిషన్ కింద పెట్టేశాడు. బయట వాన, లోపల పాట. ఆటలో ఏమీ చెయ్యకుండా కూర్చోవడం ఇదే మొదటిసారి. ఎదురుగా ఉన్న అద్దాల బీరువాలో తన మొహం కనిపించి కాస్త తికమకపడ్డాడు. నవ్వుతున్నాడు తను.

తప్పంతా చివరి రోజు జరిగింది. గుహ దగ్గరికొచ్చారు. "లోపలికి ఒక్క గుమ్మం వెళ్ళి వచ్చేద్దాం," అంది అమ్మమ్మ. అతనికీ మనసు ఆగలేదు. ఒక్క గుమ్మం రెండయింది. తాబేలు భూతం అడ్డొచ్చింది. ఇద్దరూ కలిసి ఆలోచించుకుని, మంత్రాలూ మందులూ పంచుకుని, చివరికి దాన్ని పడగొట్టి కేకలు పెట్టారు. ఆ వెంటనే గుహలో నీళ్ళు పొంగాయి. మిగతావాళ్ళు దాటాలంటే ఒకరు ఆగి తాడు పట్టుకోవాలి. పడవ తాత ఆగిపోయాడు.

అమ్మమ్మ కళ్ళొత్తుకుంది. అతను అలవాటు కొద్దీ పిచ్చుక పాత సేవ్ మీదే ఆట సేవ్ చేసేశాడు.

పిచ్చుక ఊరి నుంచి వచ్చి, బ్యాగ్ కింద పెట్టి, మిషన్ తెరిచింది. నలుగురు ఉండాల్సిన చోట ముగ్గురే.

"తాత ఏడీ?"

చాప మీద కూర్చున్న అతను అమ్మమ్మ వైపు చూశాడు.

"తాబేలుతో ఎన్నిసార్లు ఓడిపోయానో తెలుసా?" గొంతు పెంచలేదామె. పెంచినా బాగుండుననిపించింది అతనికి. "ఓడిన ప్రతిసారీ రేపు చూద్దాంలే అమ్మమ్మా అనుకుని పడుకునేవాళ్ళం. ఆ రేపు నేను చదవాలనుకున్నాను. మీరు ప్రామిస్ చేశారు."

"నాదే తప్పే పిచ్చుకా, నేనే వెళ్దామన్నాను," అంది అమ్మమ్మ.

"నువ్వు అంటావు. ఆయన ఆగాలి."

తర్వాత క్లినిక్‌కి వెళ్తే అతని కోసం సీనియర్ డాక్టర్ కూర్చుని ఉన్నాడు. "ఇక నుంచి మిమ్మల్ని నేనే చూస్తాను," అన్నాడాయన. ఆయన చేతులు రోకళ్ళలా ఉన్నాయి. పిచ్చుక ఆ చివరి మంచం దగ్గర ఎవరికో మెడకు పట్టీ కడుతూ, ఇటు చూడకుండా తల వంచుకుంది.

నా మొహం చూడటం కూడా ఇష్టం లేదన్నమాట, అనుకున్నాడతను.

సారీ అని మెసేజ్ పెట్టాడు. 'పర్లేదు' అని వచ్చింది. ఆ ఒక్క మాటకి బదులు నాలుగు తిట్లు వచ్చినా సంతోషించేవాడు.

అదే ఆట కంప్యూటర్ మీద కూడా దొరుకుతుందని తెలిసి, ఎడమ చేత్తోనే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆమె ఆగమన్న చోటికి, ఆ గుహ ముందుకి చేర్చి, సరిగ్గా అలాగే అప్పగించాలి. అదీ ఉద్దేశం. త్వరగా అయిపోవాలనుకున్నాడు గానీ, ఆడుతుంటే త్వరపడబుద్ధి కాలేదు. ఊళ్ళో ప్రతి ముసలమ్మనీ పలకరించాడు. దారిలో దీపం పిల్లకి నచ్చే పూలు ఏరాడు. కత్తివాడి బడాయి మాటలు పైకి చదువుతుంటే, వంటింట్లోంచి అక్క వచ్చి గుమ్మానికి ఆనుకుంది.

"ఏంట్రా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావ్? హెడ్‌ఫోన్స్ ఏవి?"

"వీళ్ళతో పాటు నువ్వూ వింటావని తీసేశా. కూర్చో, చెప్తా."

అక్క నిజంగానే కూర్చుంది. కథతో పాటు పిచ్చుక సంగతి కూడా మెల్లగా లాగేసింది.

చెయ్యి బాగయ్యాక టీమ్ లీడర్ ఫోన్ చేశాడు. "తూటా, ఎప్పుడొస్తున్నావ్? నీ కుర్చీ ఖాళీగా ఉంది."

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ కుర్చీ కోసం ఒకప్పుడు నిద్ర మానుకున్నాడు. ఇప్పుడా పేరు వింటుంటే భుజాలు బిగుసుకుంటున్నాయి.

"రాను బ్రో. కొత్తవాడెవరైనా వస్తే నాకు తెలిసిందంతా నేర్పిస్తా. కానీ ఆడను."

"పిచ్చా నీకు? మరేం చేస్తావ్?"

"ఆడుకుంటా," అన్నాడతను. అన్నాక తేలికైంది.

శనివారం సాయంత్రం ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వాళ్ళింటి తలుపు తట్టాడు. పిచ్చుకే తీసింది.

"గుహ ముందు ఆగింది," అన్నాడు, పలకరింపు కూడా మర్చిపోయి. "అదే లెవెల్, అవే సామాన్లు. నలుగురూ ఉన్నారు. లోపలికి వెళ్ళలేదు. గుమ్మం కూడా తొక్కలేదు."

ఆమె తెర తెరిచి చూసింది. నలుగురూ ఉన్నారు. పడవ తాత కంబళి సర్దుకుంటున్నాడు.

"మొదటి నుంచీ ఆడారా? నా కోసం?"

"మొదలుపెట్టింది మీ కోసమే. తర్వాత నాకే బాగుంది. అబద్ధం చెప్పను." గుమ్మంలోనే నిలబడి అడిగాడు. "నన్నెందుకు ఆ రోకలి చేతుల ఆయనకి అప్పగించారు? కోపం వస్తే తిట్టొచ్చుగా?"

"కోపం రెండ్రోజుల్లో పోయింది."

"మరి?"

ఆమె తలుపు గడియతో ఆడుతూ నిలబడింది.

"మీరు రావడం కాస్త లేటైతే నేను కిటికీ దగ్గరికి వెళ్ళి చూసేదాన్ని. అది మా సీనియర్ కంట్లో పడింది. పేషెంటు చెయ్యి పట్టుకున్నప్పుడు నాకు నరం ఎక్కడుందో అదొక్కటే తెలియాలి. వేరేవి తోచకూడదు. తోస్తున్నాయి. అందుకని నేనే వెళ్ళి ఆయన్నడిగాను."

"ఆ మాట మెసేజ్‌లో పెట్టుంటే..."

"ఎలా పెడతారు అలాంటివి! 'పర్లేదు' అని ఒక్క మాట రాయడానికే గంట పట్టింది."

"ఇప్పుడు నేను పేషెంటుని కాను," అన్నాడతను. "నిన్నటితో ట్రీట్‌మెంట్ అయిపోయింది. మీరంటే నాకు చాలా ఇష్టం. మీ ఆట కంటే ముందు నుంచీ."

"అబద్ధం. ముందు నా మీద ఒళ్ళు మండింది మీకు."

"మండినప్పటి నుంచీ."

ఆమె పకపకా నవ్వింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే తుడుచుకోలేదు.

"నాకూ ఇష్టమే," అంది.

"ఇక్కడ ముసల్ది కూర్చుని ఉంది," అంది లోపల్నుంచి అమ్మమ్మ. "ఆ మాటేదో లోపలికొచ్చి చెప్పుకోండి. తలుపు తీసుంటే జల్లు కొడుతోంది."

ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. ఆ సాయంత్రం తాబేలుని పిచ్చుకే పడగొట్టింది. నీళ్ళు పొంగాయి. ఆమె చదవడం మొదలుపెట్టింది. "'అమ్మాయ్, ఒడ్డు కనబడగానే దూకెయ్. వెనక్కి చూడకు,' అన్నాడు తాత..." అని ఆగిపోయింది. అతను అందుకోబోయి, ఆగి, ఆమె గొంతు తేరుకునేదాకా ఊరుకున్నాడు. తర్వాత ఏమవుతుందో తెలిసి కూడా అమ్మమ్మ చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని మొదటిసారి వింటున్నట్టే కూర్చుంది.

అంతా అయ్యాక ఆవిడే అడిగింది. "బాబూ, మీ అక్కావాళ్ళు రేపు ఇంట్లో ఉంటారా?"

"ఉంటారండీ. ఎందుకు?"

"ఈ ఆట ఇంకెన్నాళ్ళు వస్తుంది? అయిపోయాక కూడా నువ్వు మా ఇంటికి రావాలంటే పెద్దవాళ్ళం ఓ మాట అనుకోవాలి కదా."

"అమ్మమ్మా!" అంది పిచ్చుక, దిండులో మొహం దాచుకుంటూ. "ముందు అమ్మకి చెప్పద్దా?"

"మీ అమ్మకి పోయిన వారమే చెప్పాను. నువ్వు కిటికీ దగ్గర నిలబడ్డ సంగతి మీ సీనియర్ నాక్కూడా చెప్పాడు."

మర్నాడు మధ్యాహ్నానికి వాన వెలిసింది. అమ్మమ్మ మనవరాలి భుజం పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ అతని అక్కావాళ్ళింటికి పైకొచ్చింది. బెల్ మోగగానే అతను లేచాడు గానీ, అతన్ని వెనక్కి నెట్టి అక్కే పరుగెత్తింది.

"రండి అమ్మమ్మగారూ, రండి," అంటూ తలుపు బార్లా తీసి, మోకాలికి ఇబ్బంది లేని ఎత్తు కుర్చీని తనే ముందుకి లాగింది. తర్వాత పిచ్చుకను దగ్గరికి తీసుకుని, తమ్ముడి వైపు తిరిగింది.

"ఏంట్రా, చెక్కబొమ్మలా నిలబడ్డావ్? వెళ్ళి టీ పెట్టు. మాకు మాట్లాడుకునేవి చాలా ఉన్నాయి."