కదలని అంబాసిడర్

ఆ ఉదయం వాన కాస్త తెరిపిచ్చింది గానీ, మబ్బు మాత్రం కొబ్బరి మొవ్వుల మీదికి దిగి కూర్చున్నట్టే ఉంది. వైనతేయ నదిలో ఎర్రనీరు ఇంకా పెరుగుతోందని పాలు పోసే అప్పాయమ్మ చెప్పి వెళ్ళింది.

ఆనందరావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని షెడ్డులోకి వెళ్ళి అంబాసిడర్ తాళం తిప్పాడు. సెల్ఫ్ గరగరా తిరిగింది. ఇంజన్ మాత్రం అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే.

హెడ్మాస్టరుగా పనిచేసినన్నాళ్ళూ ఆయన బడికి వెళ్ళింది ఆ కారులోనే. దాని మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. కూతురు క్రిస్టీనా పురిటికి వచ్చి ఉంది. ఇవాళ ఆమెని అమలాపురంలో డాక్టరుకి చూపించాలి. తనే తీసుకెళ్తానని రాత్రే చెప్పాడు.

“సూరయ్య ఆటో పిలుద్దామండీ,” అంది భార్య కృపావతి వంటింటి గుమ్మంలోంచి.

“నెలలు నిండిన పిల్లని ఆ గతుకుల్లో ఆటోలోనా? కాసేపు ఆగు.”

లైట్లు వేసి చూశాడు. బాగానే వెలిగాయి. హారన్ గట్టిగానే మోగింది. బ్యాటరీ తప్పు కాదు. పెట్రోలు పైపు లాగి చూస్తే పెట్రోలు చిమ్మింది. ప్లగ్గు ఊడదీసి ఇంజన్‌కి ఆనించి పట్టుకుని, క్రిస్టీనాని తాళం తిప్పమన్నాడు. నిప్పురవ్వ రాలేదు.

ఎప్పుడూ పక్కన నిలబడి స్పానర్లు అందించే కృపావతి ఇవాళ షెడ్డు వైపే రాలేదు. ఆ సంగతి ఆయన గమనించలేదు.

చివరికి ఇంజన్ పక్కనున్న డెల్కో డబ్బా మూత తీశాడు. ప్లగ్గులకి కరెంటు పంచే రోటర్ అనే చిన్న ముక్క అందులో లేదు. దానంతటది ఊడిపడేది కాదు. తీసినవాళ్ళు మూత మళ్ళీ జాగ్రత్తగా బిగించారు కూడా.

“ఎవరో తీసేరు,” అన్నాడు నెమ్మదిగా. తర్వాత కూతురి వైపు తిరిగాడు. “ఈ కారు అమ్మేయమని మీ ఆయన అంటున్నాడు కదూ?”

“ప్రవీణ్ అన్న మాట నిజమేనండి నాన్నగారూ. అంతమాత్రాన నేను తీసి దాస్తానా?”

“మరెవరు? ఇంట్లో ఉన్నది మనం ముగ్గురం. ఎదురుగా చెప్పే ధైర్యం లేక దొంగచాటుగా చేసేవా?”

తండ్రి తనమీద గొంతు పెంచడం క్రిస్టీనా ఎరగదు. పొట్ట పట్టుకుని గోడవారనున్న స్టూలు మీద కూలబడింది.

“దాన్ననకండి. నేనే తీసేను.”

కృపావతి షెడ్డు బయట నిలబడి ఉంది.

“నువ్వా?”

“ఇన్నేళ్ళు పక్కన ఉండి చూసేను కదండీ. ఆ ముక్క లాగడం ఎంతసేపు?”

“ఎందుకు తీసేవు?”

“ఎందుకో మీకు తెలీదు. అదే నా భయం.” ఆమె కొంగు బిగించి పట్టుకుంది. “మొన్న ఆదివారం అమలాపురం చర్చికి వెళ్తున్నాం. వంతెన ఎక్కాల్సిన చోట మీరు పాత రేవు రోడ్డులోకి తిప్పేరు. ఎటండీ అంటే పలకలేదు. ఎదురుగా నది కనబడుతున్నా ఆపలేదు. ముందు చక్రాలు నీళ్ళలోకి దిగేక నేనే తాళం తిప్పి లాగేసేను. మీరు నావైపు తిరిగి, తొందరెందుకు, పంటు ఇంకా రాలేదుగా అన్నారు.”

క్రిస్టీనా తలెత్తి తండ్రి వైపు చూసింది. వంతెన కట్టాక ఆ రేవులో పంటు తిరగడం ఏనాడో ఆగిపోయింది. ఆ బల్లకట్టు మీద కారు ఎక్కించిన జ్ఞాపకం తనకే లీలగా ఉంది.

“అబద్ధం,” అన్నాడు ఆనందరావు. కానీ ఆ మాటలో బలం లేదు.

“తర్వాత మామూలుగా వెనక్కి తిప్పి చర్చికి తీసుకెళ్ళేరు. పాటలు పాడేరు. అందరినీ పలకరించేరు. మీకేం గుర్తులేదని నాకప్పుడు తెలిసింది. చెపితే తట్టుకోలేరని ఊరుకున్నాను. ఈవేళ పిల్లని ఎక్కించుకుంటానన్నాక నా వల్ల కాలేదండీ.”

ఆయన కారు బానెట్ మీద చెయ్యి ఆన్చాడు. సోమవారం పొద్దున చక్రాలకి ఎర్రటి ఒండ్రు పట్టి ఉంటే తనే కడిగాడు. ఎక్కడ అంటుకుందో ఎంత ఆలోచించినా తట్టలేదు. ఆ తట్టకపోవడం ఆనాటి నుంచీ లోపల ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఎవరితోనూ అనలేదు.

“నీళ్ళలోకా కృపా?” ఆయన భార్య వైపు తిరిగాడు. “నిన్ను పక్కన కూచోబెట్టుకుని నీళ్ళలోకి తీసుకెళ్ళేనా?”

కృపావతి తల వంచుకుంది. క్రిస్టీనా మెల్లగా లేచి వచ్చి, గ్రీజు అంటిన తండ్రి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“నిన్ను అనకూడని మాటన్నానమ్మా.”

“పోనీయండి నాన్నగారూ.”

“కృపా, ఎలాగూ అమలాపురం వెళ్తున్నాం. అక్కడ నన్నూ ఎవరికైనా చూపించు.”

ఆదివారం నుంచి ఒంటరిగా మోసిన భయమంతా అప్పుడు కట్ట తెంచుకుంది. కృపావతి ఆయన భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

సూరయ్య ఆటో తెచ్చేసరికి వాన మళ్ళీ మొదలైంది.

“నెమ్మదిగా పోనియ్యి సూరయ్యా, అమ్మాయికి కుదుపు తగలకూడదు,” అన్నాడు ఆనందరావు.

“ఆయ్, అలాగేనండి.”

రేవు రోడ్డు చీలిక దగ్గరపడుతుండగా ఆనందరావు అటు చూశాడు. ఆ రోడ్డు చివర నది తాటిచెట్ల మొదళ్ళ దాకా ఎక్కి, ఎర్రగా సుడులు తిరుగుతోంది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆటో వంతెన ఎక్కింది. కింద నీళ్ళ హోరు వినబడుతోంది.

“దాటేమా?” అని అడిగాడు కళ్ళు తెరవకుండానే.

“ఇంకా లేదండీ,” అంది కృపావతి, ఆ చేతిని మరింత దగ్గరికి తీసుకుంటూ. “నేనున్నానుగా. దాటేక చెప్తాను.”