పన్నెండున్నర ఓల్టులు

అక్క ఇంటి వసారా ఎక్కాలంటేనే మెకానిక్‌కి ఏడాదిగా కాళ్ళు రావడం లేదు. అక్కడే, గోడ వారగా, గోనెపట్టా కింద బావ బండి ఉంది. ఇక దాన్ని చూడలేనని, వచ్చి తీసుకుపొమ్మని అక్క కబురు పెట్టింది. కొత్త బ్యాటరీ, మీటరు పట్టుకుని సాయంత్రం ముసురులో వచ్చాడు.

ఏడాది కిందట బావ బండి తెచ్చి చెప్పనే చెప్పాడు. సెల్ఫ్ నొక్కితే టిక్ టిక్‌మంటోందని, హారన్ కొడితే హెడ్‌లైట్ నీరసపడుతోందని. రాత్రంతా ఛార్జింగులో పెట్టిన బ్యాటరీకి మీటరు పెడితే పన్నెండున్నర చూపించింది. ఛార్జింగు తీసిన వెంటనే చచ్చిన బ్యాటరీ కూడా అంతే చూపిస్తుంది. సెల్ఫ్ నొక్కి పట్టి, మీటరు ముల్లు ఎంతకి పడుతుందో చూడాలి. పదికి దిగువకి పోతే దాని పని అయిపోయినట్టే. అతనికది తెలుసు. బద్ధకించాడు. బేషుగ్గా ఉందని పంపేశాడు. ఆ సాయంత్రమే వంతెన మీద బండి ఆగిపోయి, లైట్లు ఆరిపోయాయి. వెనకొచ్చిన లారీవాడికి మనిషి కనబడలేదు.

బ్యాటరీ మార్చమని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను, బావే వినలేదని అక్కతో అన్నాడు. పోయినవాడు వచ్చి కాదంటాడా? ఏడాదిగా ఆవిడ ఏడుస్తూనే మొగుణ్ణి తిట్టుకుంటోంది.

ఇవాళ మాత్రం పని శాస్త్రప్రకారం చేశాడు. కొత్తది బిగించి సెల్ఫ్ నొక్కి పట్టాడు. ముల్లు పదకొండు దగ్గర నిలబడింది. ఇంజిను రేజ్ చేస్తే పద్నాలుగు. వంక పెట్టడానికి లేదు.

హారన్ కొట్టాడు... లైటు నీరసపడింది.

మళ్ళీ కొట్టాడు. ఇంకాస్త... పచ్చగా, ఎర్రగా... ఎక్కడినుంచో తడి తారు వాసన. వసారాలో తారు ఎక్కడిది? ముల్లు పన్నెండున్నర మీద బిగుసుకుపోయింది. ఇంజిను ఆపాడు. మీటరు తీగలు ఊడదీశాడు.

ముల్లు దిగలేదు.

"బాగయిందా?" అక్క గుమ్మంలో నిలబడి ఉంది.

నిజం నోటిదాకా వచ్చింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేడు. చెబితే ఈ గుమ్మం కూడా ఉండదు. అతనికున్నది ఈ ఒక్క అక్కే.

"బావ నా మాట విని ఉంటే బాగుండేదక్కా," అన్నాడు.

ఆవిడ అతని భుజం మీదుగా వెనక్కి చూస్తూ ఉండిపోయింది. అతను బండిని వీధిలోకి దించి ఎక్కి కూర్చున్నాక, అక్క మెల్లిగా అంది.

"జాగ్రత్త. ఇద్దరూ."

పాపం, దిగులుతో మతి చలించిందనుకున్నాడు. సెల్ఫ్ నొక్కగానే బండి అందుకుంది. అప్పుడే వెనక సీటు కిందికి దిగింది... ఒక మనిషి బరువంత.

వెనక్కి తిరిగే ధైర్యం లేక కిందికి చూశాడు. ఏడాదిగా తుప్పుపట్టి ముడుచుకున్న వెనక ఫుట్‌రెస్టులు రెండూ తెరుచుకుని ఉన్నాయి. వాటి మీద తుప్పు, పాదాలు ఆనేంత మేర, కొత్తగా రాలిపోయి ఉంది.