కందిరీగ మీద మూత

ఒకప్పుడు పడవల యార్డులో చివరి షెడ్డుకి చెడ్డ పేరుండేది. పొద్దు వాలాక అటు పోయినవాడు తిరిగొచ్చి మంచినీళ్ళు అడిగేవాడు తప్ప, ఏం జరిగిందో చెప్పేవాడు కాదు. వాచ్‌మన్ అయితే రాత్రంతా యార్డు మొత్తం తిరుగుతానని ఒట్టేసి చెప్పేవాడు — కానీ వాడి యార్డు చివరి షెడ్డుకి ముందు షెడ్డు దగ్గరే అయిపోయేది.

ఆ షెడ్డులో ఉండేది ఒక్కటే పడవ. పాత యుద్ధపడవ. కాగితాల మీద దాని పేరు ఏదో అంకె. అందరూ పిలిచేది మాత్రం కందిరీగ అని. ఊరు సద్దుమణిగాక దాని కడుపులోంచి చప్పుడు వచ్చేది. టక్... టక్... టక్. మూడు దెబ్బలు. కాసేపు ఆగి, మళ్ళీ మూడు.

ఇది నేను చూసింది కాదు. మా పెద్దమ్మ చెబితే విన్నది. మా పెద్దమ్మ అబద్ధాలాడదని అనను — ఆడుతుంది, ముచ్చటగా ఆడుతుంది. ఆడేటప్పుడు మన కళ్ళలోకి సూటిగా చూస్తుంది. ఈ కథ చెప్పినంతసేపూ ఆవిడ నేల చూపులు చూసింది. అందుకే నమ్మాను.

ముందు కందిరీగ సంగతి చెప్పాలి.

యుద్ధనౌక అనగానే మనకి కొండంత ఇనుము గుర్తొస్తుంది. అలాంటివి కట్టుకోలేనివాళ్ళు, కట్టుకున్నవాళ్ళకి నిద్ర లేకుండా చెయ్యడానికి కనిపెట్టినవి ఈ చిన్న పడవలు. చెక్క ఒళ్ళు, మూడు ఇంజన్లు, చెరో పక్కనా నీళ్ళలో దూసుకుపోయి పేలే టార్పెడో ఒకటి, గుప్పెడు మంది మనుషులు. చంద్రుడు లేని రాత్రి ఇంజన్ల గొంతు నొక్కి మెల్లగా దగ్గరికి పోవడం, టార్పెడోలు వదలడం, గిరుక్కున తిరిగి పారిపోవడం. అంతే వాటి విద్య. వీటికి జడిసి పెద్ద ఓడలు ఒంటి చుట్టూ ఇనుప వలలు కట్టుకున్న రోజులున్నాయి. వీటిని వేటాడ్డానికని ఇంకో రకం ఓడలు కడితే, అవి ఏళ్ళు గడిచేకొద్దీ బలిసి, అవే పెద్ద ఓడలై కూర్చున్నాయి. ఇప్పటి చిన్న పడవలు కంటికి ఆననంత దూరం నుంచే క్షిపణి వేసి చేతులు దులుపుకుంటాయట. అప్పుడలా కాదు. అవతలి ఓడ మీద ఎవడైనా సిగరెట్ వెలిగిస్తే కనపడేంత దగ్గరికి పోవాలి.

అలాంటి పడవకి వేగమే కవచం. ఆ వేగం పోయిందా — అది పెట్రోలు నింపిన చెక్కపెట్టె.

కందిరీగ వేగం మా పెదనాన్న చేతిలో ఉండేది. ఇంజన్ గది మనిషి ఆయనే. కింద ఉన్నవాడికి పైన ఏం జరుగుతోందో కనపడదు, ఆ హోరులో మాట వినపడదు. అందుకని ఆ పడవవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇంజన్ గది ఇనుప మూతకి గడియ పైవైపే ఉంటుంది; కింది మనిషి పానాతో ఆ మూత మీద కొడతాడు. ఒక దెబ్బ — అంతా బాగుంది. రెండు — వేగం తగ్గించాలి. మూడు — మూత తెరవండి. పైనున్నవాడు ఎన్ని దెబ్బలు వింటే అన్నిసార్లు మడమతో మూత మీద కొట్టాలి. విన్నాను అని దానర్థం.

నిద్రలో విన్నా కాలు దానంతటదే లేచేంత అలవాటది. పెదనాన్న ఇంట్లోనూ అంతే. వంటగదిలో పెద్దమ్మ గరిటెతో గిన్నె మీద కొడితే, ముందుగదిలోంచి మడమ చప్పుడు వచ్చేది. "నా మొగుడు పిలిస్తే పలకడు, కొడితే పలుకుతాడు," అని పెద్దమ్మ అందరికీ చెప్పి నవ్వేది.

యుద్ధంలో ఒక రాత్రి కందిరీగ ఓ పెద్ద ఓడని కుట్టి వెనక్కి వస్తోంది. వెనకనుంచి గుండొచ్చి తగిలింది. ఇంజన్ గదిలో మంట, పొగ. పడవ మాత్రం ఎక్కడా ఆగకుండా రేవు చేరింది. మూత తెరిచేసరికి పెదనాన్న ఒంట్లో ప్రాణం లేదు.

ఆ రాత్రి మూత పక్కనే నిలబడి పడవ నడిపిన కెప్టెన్ విచారణలో చెప్పింది ఇదీ — "గుండు తగలగానే పోయాడు. అంతకుముందే పెట్రోలు కారుతుంటే చూసుకోలేదు, అందుకే మంట లేచింది. లోపలినుంచి నాకు ఒక్క దెబ్బ కూడా వినపడలేదు."

కెప్టెన్‌కి పతకం వచ్చింది. పెదనాన్నకి చేతగానివాడన్న పేరు వచ్చింది. పడవని తగలబెట్టబోయినవాడి పెళ్ళామని, కుళాయి దగ్గర ఆడవాళ్ళు పెద్దమ్మని చూసి బిందె పక్కకి జరుపుకునేవాళ్ళట.

పెద్దమ్మ ఆ యార్డులోనే రంగులేసే పనిలో చేరింది. ఏళ్ళు గడిచాయి. కందిరీగని బాగుచేసి జనం చూడ్డానికి పెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇంజన్ గది మూత అడుగున పాత రంగు గీకుతుంటే ఆవిడ వేళ్ళకి గుంటలు తగిలాయి. పానా అంచు పడిన గుంటలు. మూడు. పక్కన మూడు. మళ్ళీ మూడు... మూత నిండా.

"బతికే ఉన్నాడురా మీ పెదనాన్న," అంది పెద్దమ్మ. "ఆ పొగలో ఇంజన్లు నడుపుతూ, తెరవండి తెరవండి అని కొడుతూనే ఉన్నాడు. ఆ కెప్టెన్ విన్నాడు. వినీ తెరవలేదు."

ఎవరికి చెబుతుంది? గుంటలు చూపిస్తే తుప్పంటారు. పడవ పక్కన నిలబెట్టే రాతిపలక మీద కెప్టెన్ చెప్పిన కథే చెక్కుతున్నారు. పెదనాన్న పేరు అందులో లేదు. ఒకసారి రాతికెక్కాక ఇక అదే నిజమైపోతుంది. కెప్టెన్ తన నోటితో 'విన్నాను' అనాలి. ఆవిడకి ఇంకేం అక్కర్లేదు.

అప్పుడు పుట్టింది చివరి షెడ్డు దెయ్యం.

అవును... ఆ దెయ్యం మా పెద్దమ్మే. ఇంజన్ గదిలోకి గాలి పోయే గొట్టంలోంచి తాడు దించి, దాని కొసకి పానా కట్టి, చీకట్లో కూర్చుని లాగేది. టక్, టక్, టక్. వాచ్‌మన్‌కి జ్వరం పట్టుకుంది. "మూడేసి దెబ్బలట!" అన్న ముక్క మాత్రం ఆవిడే తీసుకెళ్ళి కెప్టెన్‌కి గడ్డం గీసే అతని చెవిన వేసింది. మిగతా పని అతను చూసుకున్నాడు.

ప్రారంభోత్సవం ఇక తెల్లారితే అనగా, ఆ రాత్రి కెప్టెన్ వచ్చాడు. ఒంటరిగా. వస్తాడని పెద్దమ్మకి తెలుసు. మూడు దెబ్బలకి అర్థం తెలిసినవాడు, ఆ చప్పుడు ఇంకొకరు వినకముందే తను విని తేల్చుకోవాలనుకుంటాడు.

షెడ్డు తలుపు కిర్రుమంది. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో టార్చి. ముసలాయన ఆయాసపడుతూ నిచ్చెన ఎక్కి పడవ మీదికి వచ్చాడు. పెద్దమ్మ గొట్టం వెనక గోనెపట్టా కప్పుకుని ఊపిరి బిగబట్టింది.

టార్చి వెలుగు మూత మీద ఆగింది.

ఆవిడ తాడు లాగింది.

టక్... టక్... టక్.

కెప్టెన్ కుడికాలు లేచింది. ఆయన లేపలేదు. అదే లేచింది.

దబ్... దబ్... దబ్.

విన్నాను.

"ఆగవయ్యా..." అన్నాడు గుసగుసగా, మూత మీదికి వంగి. "ఇంకాస్త ఓర్చుకో. ఇప్పుడు తెరిస్తే మంట వెలుగు వాళ్ళకి కనపడిపోతుంది. నువ్వు పైకొస్తే ఇంజన్లు ఎవరు చూస్తారు?... రేవు కనపడుతోంది... కాసేపే..."

పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళూ ఎదురుచూసిన మాట. వింటే కడుపు చల్లబడుతుందనుకుంది. చల్లబడలేదు. ఒళ్ళంతా భగ్గుమంది.

కెప్టెన్ కర్ర పక్కన పడేసి గడియ తీశాడు. మూత ఎత్తాడు. "వచ్చెయ్... ఇప్పుడు వచ్చెయ్..." అంటూ లోపలికి టార్చి వేశాడు. ఎవరూ లేరు. ఒక్కో మెట్టూ దిగాడు.

తెరవడానికి ఇప్పుడు తీరిందా పెద్దమనిషికి! వింటున్న నాకే పళ్ళు పటపటలాడాయి.

పెద్దమ్మ తాడుని పానాతో సహా పైకి లాగేసుకుంది. లేచి వచ్చింది. మూత వేసింది. గడియ పెట్టింది. పానా ఒళ్ళో పెట్టుకుని, ఆ మూత మీదే కూర్చుంది.

"చంపాలని కాదురా. గాలి గొట్టం ఉంది, చావడు. తెరిచేవాళ్ళు పైన ఉండి కూడా తెరవకపోతే ఎలా ఉంటుందో వాడికి తెలియాలి. తెల్లారేదాకా తెలియాలి, అనుకున్నాను."

కాసేపటికి... కిందనుంచి —

టక్... టక్... టక్.

పెద్దమ్మ నవ్వింది. మడమతో మూత మీద కొట్టింది. దబ్... దబ్... దబ్.

"విన్నాను," అంది మెల్లగా. "విన్నాను కెప్టెన్ గారూ. ఇంకాస్త ఓర్చుకోండి. కాసేపే."

మళ్ళీ మూడు. మళ్ళీ ఆవిడ మడమ. కింది దెబ్బలకి మూత అదిరేది, ఆ అదురు ఆవిడ నడుందాకా తెలిసేది. కొట్టు, ఇంకా కొట్టు అంది. కుళాయి దగ్గర పడ్డ మాటలన్నీ ఆ మూత మీదే కక్కింది. తిట్టింది. ఏడ్చింది. రాత్రి గడిచేకొద్దీ దెబ్బలు నీరసించాయి. ఒకసారి రెండే వచ్చాయి... మూడోది చాలాసేపటికి గానీ రాలేదు. అది విన్నాక ఎందుకో ఆవిడ చెయ్యి గడియ మీదికి పోయింది. పోయి, వెనక్కి వచ్చేసింది.

చివరికి ఒకే ఒక్క దెబ్బ... చాలా మెత్తగా. ఆ తర్వాత ఇక లేదు.

వెలుగు రేకలు షెడ్డులో పడ్డాక పెద్దమ్మ గడియ తీసింది.

కెప్టెన్ అడుగున ఓ మూల ఉన్నాడు. మోకాళ్ళు ముడుచుకుని, రెండు అరచేతులూ చెవులకి అదిమిపెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం, కొట్టి కొట్టి అలిసిపోయారా?" అంది పెద్దమ్మ.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నేను కొట్టలేదమ్మా..." అన్నాడు. "ఒక్కసారి కూడా కొట్టలేదు. ఈ మూల నుంచి కదల్లేదు. అతనే కొట్టాడు... ఆ పై మెట్టు మీద నిలబడి, రాత్రంతా. నా వైపు కన్నెత్తి చూడలేదు. మూత వంకే చూస్తూ కొట్టాడు."

పెద్దమ్మ తన చేతిలోకి చూసుకుంది. పానా అక్కడే ఉంది.

ఆ పొద్దున కెప్టెన్ మైకు ముందు నిలబడ్డాడు. "అతను చివరిదాకా బతికే ఉన్నాడు. పడవని తెచ్చింది అతను. మంటకి అతని తప్పేమీ లేదు. తెరవమని కొట్టాడు, నేను విన్నాను," అన్నాడు. పతకం విప్పి బల్ల మీద పెట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి వెళ్ళిపోయాడు. రాతిపలక మార్చారు. ఇప్పుడు దాని మీద మొదటి పేరు పెదనాన్నది.

పెద్దమ్మ ఆ పలక చూడ్డానికి పోలేదు. అదే రోజు సుత్తి తీసుకుని, ఎవరు ఆపినా ఆగకుండా, ఇంజన్ గది మూతని బందులతో సహా ఊడగొట్టింది. కందిరీగకి ఇవాళ్టికీ ఆ మూత లేదు. వానొస్తే లోపల నీళ్ళు నిలుస్తాయి. తోడిపోస్తారు తప్ప, మూత పెట్టరు.

"పోనీలే పెద్దమ్మా, పగ తీరిందిగా?" అన్నాను.

ఆవిడ నేలకేసే చూస్తోంది.

"చివర్లో ఒక్కటే కొట్టాడు చూడు... అంతా బాగుంది అని. నన్ను ఓదార్చాడో, ఇక నా మీద ఆశ వదులుకున్నాడో తెలీదురా," అంది. "వినీ తెరవలేదని ఆ కెప్టెన్ మీద ఇన్నేళ్ళు పగబట్టాను. ఆ రాత్రి మీ పెదనాన్న తెరవమని కొట్టి కొట్టి అడిగింది నన్ను. విన్నాను, విన్నాను అని చెబుతూ... తెల్లారేదాకా ఆ మూత మీదే కూర్చున్నాను."