చప్పుడు లేని అడుగులు

సెలవు రోజున పండరీ బట్టల బజారు చూడాలి. మిగతా రోజుల్లో చెవులు చిల్లులు పడేలా అరిచే వీధి, ఆ రోజు పెళ్ళివారు ఖాళీ చేసిన విడిదిలా ఉంటుంది. అలాంటి ఒక మధ్యాహ్నం, ముసురు పట్టి ఉండగా, రఘు ఒక హోల్‌సేల్ దుకాణం మేడమీద గోడౌను తాళం తీశాడు. అతని వెనక చిన్నాన్న కూతురు ఫణిశ్రీ, ఆమె వెనక హైదరాబాదు నుంచి వచ్చిన శివాజీ.

రఘు ఆ దుకాణంలో గుమాస్తా. సేఠ్ మంచివాడు కనక గోడౌనులో ఒక మూల కంప్యూటరు పెట్టుకోనిచ్చాడు. నేల నుంచి కప్పు దాకా గుడ్డల బేళ్ళు. గంజి వాసన, కొత్త గుడ్డ వాసన, ఎక్కడో తడిసిన బేలు ముక్కిన వాసన. బయట పిడుగు పడ్డా లోపల సన్నగానే వినిపిస్తుంది. ఫణిశ్రీకి కావలసింది సరిగ్గా అలాంటి చోటే. ఆమె వృత్తి వినడం.

అదేం వృత్తి అంటారా? కంప్యూటర్లో తుపాకుల ఆట. పిల్లలాట అని తీసిపారేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఈ హిందీ ఊరికి వలస వచ్చి, డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో ఉంటూ రైలు వ్యాగన్లు బాగుచేసే ఆమె తండ్రి కోటయ్య కూడా, కూతురి బొమ్మ హిందీ పేపర్లో పడేదాకా అలాగే అనుకున్నాడు. ఆటలో గోడ అవతల శత్రువు పరిగెత్తితే హెడ్‌ఫోన్లో అడుగులు వినిపిస్తాయి. మెల్లగా నడిస్తే వినిపించవు. అది ఆట నియమం.

ఫణిశ్రీ, గోడ చాటునుంచి మనిషి తొంగిచూసే లోపే కాల్చేసేది. అంత బాగా ఆడితే లోకం ఊరుకుంటుందా? దొంగ సాఫ్ట్‌వేర్ అన్నారు. కంప్యూటరు విప్పి చూశారు, ఏమీ లేదు. అయితే మరీ తెలివిగా దాచిందన్నారు. దొరికితే దొంగ, దొరక్కపోతే గజదొంగ! కాలనీలో పక్కింటి వరహాలమ్మ సైతం వదల్లేదు. “ఏటే ఫణీ, నీకు గోడల్లోంచి కనిపిస్తాదట గదా! మా కోడలు నా ముక్కుపుడక ఎక్కడ దాచిందో జర దేఖ్ కే బోల్ నా!”

విసిగిపోయి ఒక ఇంటర్వ్యూలో ఉన్నమాట చెప్పేసింది. “నేనేం చూడను. అడుగులు విని కాలుస్తాను.”

అక్కడే కొంప మునిగింది. పాత ఆటల రికార్డులు తిరగేస్తే, ఆమె కాల్చిన వాళ్ళలో సగంమంది ఆ క్షణాన మెల్లగా నడుస్తున్నారు. చప్పుడే లేని అడుగుల్ని ఎలా విన్నట్టు?

అందుకే ఈ ఆఖరి పరీక్ష. పోటీలు నడిపేవాళ్ళ తరఫున శివాజీ కొత్త కంప్యూటరు, కొత్త హెడ్‌ఫోన్ తెచ్చాడు. హైదరాబాదులో కూర్చున్న వీరేంద్ర అనే ఆటగాడు నెట్‌లో ఆమెతో తలపడతాడు. మెల్లగా మాత్రమే నడుస్తాడు. ఆమె అతన్ని పసిగట్టలేకపోతే మచ్చ పోతుంది. పసిగడితే, జన్మలో మరే పోటీలోనూ ఆడనివ్వరు.

“అంటే ఓడిపోతే మంచిదాన్నా?” ఫణిశ్రీ మండిపడింది.

“పైవాళ్ళ రూలమ్మా, నాదేముంది?” శివాజీ ఆమె చేతుల మీదికి కెమెరా తిప్పాడు. “కావాలని ఓడిపోతే కూడా తెలిసిపోతుంది. విన్న చెయ్యి ఉలిక్కిపడక మానదు.”

రఘు చెవి దగ్గరికి వంగాడు. “ఒక్క గంట చెవిటిదానివైపోవే తల్లీ. నీకు దండం పెడతాను.”

ఆట మొదలైంది. వాన ముదిరింది. గోడౌనులో మాత్రం చెవుల్లో దూది కుక్కినట్టుంది.

తప్... తప్...

ఎడమ గోడ వెనక. ఎప్పుడూ వినిపించేదే. కానీ ఇవాళ కాల్చకూడదు గనక, మొదటిసారి తీరిగ్గా విన్నది. ఆటలో అందరివీ బూట్లు. ఇవి ఒట్టి కాళ్ళు. తడినేల మీద నడిచే ఒట్టి కాళ్ళు.

ఇన్నాళ్ళూ తను విన్నది ఇదా?

చెయ్యి కదపలేదు. వీరేంద్ర వచ్చి కాల్చాడు. “చచ్చింది సార్!” శివాజీ ఫోను స్పీకర్లో అతని సంబరం. రెండోసారీ అంతే. పళ్ళు బిగపట్టుకుని చచ్చింది. తనకి ఒక్కటే విద్య వచ్చు, అది రాదని రుజువు చేసుకోవడానికి ఇంత అవస్థ!

అప్పుడు తట్టింది ఆమెకి. తను కాల్చినప్పుడల్లా ఆ చప్పుడు ఆగిపోయేది. ఇవాళ కాల్చలేదు.

ఇవాళ అది ఆగలేదు.

మూడోసారి వీరేంద్ర బొమ్మ దూరంగా తెరమీద కనిపించింది. కుడివైపుకి తిరిగి వెళ్ళిపోయింది. చప్పుడు దానితో వెళ్ళలేదు. నేరుగా వచ్చింది... ఆమె వైపే...

కరెంటు పోయింది.

తెర నల్లబడింది. ఫ్యాను ఆగింది. కెమెరా ఎర్రదీపం ఆరింది. ఫణిశ్రీ హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

తప్... తప్...

బేళ్ళ మధ్య సందులో. తడి గుడ్డ వాసన ఒక్కసారిగా పెరిగింది. చప్పుడు ఆమెను దాటింది. రఘును దాటింది. శివాజీ కుర్చీ వెనక... ఆగింది.

“ఏమైనా వినిపిస్తోందా?” శివాజీ గొంతు బాగా తగ్గిపోయింది. పరీక్ష కోసం అడిగాడో, మరెందుకు అడిగాడో తెలీదు.

అవునంటే అన్నీ పోతాయి. ఇన్నేళ్ళ ఆట, పేరు, తండ్రి తలెత్తుకుని నడవడం... అన్నీ.

“నిజం చెప్పమ్మా.”

“లేదండీ.”

చాలాసేపటికి కరెంటు వచ్చింది. శివాజీ వెనక బేళ్ళు తప్ప ఏమీ లేవు. అతను చెమట తుడుచుకుని, మిగతా ఆట అక్కర్లేదన్నాడు. “నువ్వు తప్పు చెయ్యలేదని రాస్తాను. ఇక నిన్నెవరూ ఏమీ అనరు.” సామాను సర్దుకుంటున్నంతసేపూ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

అతను మెట్లు దిగుతుంటే, వెంటే మరో జత అడుగులు దిగాయి.

“సార్!” ఫణిశ్రీ గుమ్మం దాకా పరిగెత్తింది.

“ఏంటమ్మా?”

రఘు ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. చెప్తే అయిపోయింది. ఈ ఒక్క మాటతో మళ్ళీ మొదటికే.

“ఏం లేదండీ... జాగ్రత్తగా వెళ్ళండి.”

“పీడా పోయింది, ఛోడ్ దే అబ్ సబ్! ఇక అన్నీ వదిలెయ్!” రఘు నవ్వుతున్నాడు, ఇంటికి ఫోను చేస్తున్నాడు. ఫణిశ్రీ కిటికీలోంచి చూసింది. వీధంతా ఖాళీ. వానలో ఒకటే ఆటో. శివాజీ అందులో ఎక్కి, బ్యాగు ఒళ్ళో పెట్టుకున్నాడు.

తర్వాత, ఎవరికో చోటిస్తున్నట్టు, ఒక మూలకి బాగా జరిగి కూర్చున్నాడు.