గంటా యాభైమూడు నిమిషాలు

సాయంత్రం ఐదింటికి చెల్లెలు ఇంటికొచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల అక్క లేదు.

ఐదూ ఇరవైకి ఎస్సై జీపు దిగింది. ఇప్పుడు ఆరున్నర. ఇంకా జాడ లేదు.

ఎస్సై వాచీ చూసుకుని పెదవి కొరుక్కుంది. పన్నెండేళ్ళ సర్వీసులో ఆమెకి ఇంత చేతకానితనం ఎప్పుడూ అనిపించలేదు.

అక్కకి నలభై రెండేళ్ళు. మూడేళ్ళ కిందట బండి మీంచి పడి తలకి దెబ్బ తగిలింది. అప్పట్నుంచీ ఫిట్స్. ఒక్కోసారి ఇది ఏ ఏడాదో కూడా గుర్తుండదు. మధ్యాహ్నం రెండున్నరకి ఒక మాత్ర, రాత్రి ఎనిమిదికి ఇంకోటి. ఒక్కటి తప్పినా ప్రాణం మీదికి వస్తుంది.

ఆమెని చూసుకునే ఆయా మూడుంపావుకి వెళ్ళిపోతుంది. బేకరీలో పనిచేసే చెల్లెలు నాలుగింటికి వస్తుంది. మధ్యలో ఆ ముప్పావుగంట అక్క ఒక్కతే. దానికోసమే చెల్లెలి భర్త, రేడియో మెకానిక్, ఒక పెట్టె బిగించాడు. అరచేతిలో పట్టే లైనక్స్ కంప్యూటర్, దానికో మైకు. హాల్లో చప్పుడైతే రికార్డు చేస్తుంది. అదే చప్పుడు చెల్లెలి ఫోన్లో వినిపిస్తుంది.

ఈరోజు పదకొండింటికి కరెంటు పోయింది. తిరిగొచ్చాక రికార్డింగు దానంతటదే మొదలైంది. చప్పుడుని ఫోనుకి పంపే స్ట్రీమింగ్ మాత్రం లేవలేదు. దుకాణంలో రద్దీ. చెల్లెలు ఫోన్ చెవికి పెట్టుకుని, ఏమీ వినపడక, అక్క నిద్రపోతోందనుకుని గంట ఆలస్యంగా బయల్దేరింది.

"రికార్డింగులు వినిపించండి," అంది ఎస్సై పదోసారి.

"వినిపించే సాఫ్ట్‌వేరే పాడైంది మేడమ్, అది లేకుండా ఈ ఫైళ్ళు ఇంకెక్కడా తెరుచుకోవు. మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తున్నా." మెకానిక్ తెర మీంచి తలెత్తలేదు. "ఫైళ్ళ పేర్లు మాత్రం కనిపిస్తున్నాయి. ప్రతి పేరులోనూ టైముంది."

ఆ పేర్లే ఇప్పటిదాకా సాక్ష్యం. ముందు అడపాదడపా కొన్ని, ఆపైన 1:42కి ఒక చప్పుడు. తర్వాత గంటా ఇరవైఐదు నిమిషాలు నిశ్శబ్దం. 3:07కి మళ్ళీ చప్పుడు. అదే ఆఖరు. ఐదూ పదికి తాను రాగానే, కొత్త చప్పుళ్ళు కలవకుండా మైకు పీకేశానన్నాడు మెకానిక్.

ఎస్సై మూలనున్న స్టూలు వైపు తిరిగింది. ఆయా ముడుచుకుని కూర్చుంది.

"మూడుంపావు దాకా ఇక్కడే ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

"1:42 తర్వాత ఇంట్లో చీమ చిటుక్కుమన్నట్టు లేదే?"

"రెండున్నరకి మాత్రిచ్చి నీళ్ళు తాగించాను."

"మాత్రల డబ్బాలో గడి ఖాళీగా ఉంది. బయట పారేసినా ఖాళీగానే ఉంటుంది. 3:07కి తిరిగొచ్చింది నువ్వే కదూ?"

"నేనెక్కడికీ పోలేదు, తిరిగి రావడానికి."

"అబద్ధాలు!" చెల్లెలు లేచింది. "నిన్ను నమ్మి అక్కని అప్పజెప్పానే. మాత్ర కూడా వెయ్యకుండా ఎక్కడ చచ్చావు? దానికేమైనా అయితే నిన్ను..." మాట మింగేసి గోడకి తల ఆనించింది.

ఆయా తల దించుకుంది. "నాకు పెట్టె సంగతి తెలీదు. మాత్ర సంగతి తెలుసు."

కానిస్టేబుల్ లోపలికొచ్చాడు. "బస్టాపు సీసీ కెమెరా ఒకటిన్నర నుంచి మూడు దాకా మళ్ళీ చూశాం మేడమ్. లేదు. తప్పిపోయినావిడ ఇదివరకు పనిచేసిన దారం మిల్లు వాచ్‌మన్‌ని కూడా అడిగాం. రెండు, మూడు గంటల మధ్య ఎవరూ రాలేదట."

అన్ని దారులూ మూసుకుపోయాయి. ఎస్సై నీరసంగా మెకానిక్ పక్కన కూలబడింది.

"ఏమంటోంది మీ పెట్టె?"

"మొదటిసారి వేరే ప్రాసెసర్‌కి రాసిన ఫైలు దింపాను, తిప్పికొట్టింది. రెండోసారి దానికి ఆధారమైన లైబ్రరీ ఫైలు ఒకటి లేదంది. అది తెచ్చుకుందామంటే..." తెర మీద ఎర్ర అక్షరాలు చూపించాడు. "సర్వర్ పంపిన ఫైళ్ళ జాబితా ఇంకా చెల్లదట. మరో గంటా పన్నెండు నిమిషాలు ఆగాలట. ఎప్పుడూ చూడలేదు ఈ ఎర్రర్."

"ఆగాలంటే?"

"ఆ జాబితా మీద వేసిన టైము ఇంకా రాలేదని."

"రేపటి పేపరు ఇవాళ వస్తుందా?"

"రాదు మేడమ్."

"మరి ఇదెలా వచ్చింది?"

మెకానిక్ ఆ ఎర్ర అక్షరాలు మళ్ళీ చదివాడు.

ఎస్సై వెన్ను నిటారైంది. "మీ పెట్టెలో ఇప్పుడు టైమెంత?"

అతను టైప్ చేశాడు. 4:47.

ఎస్సై వాచీలో ఆరూ నలభై.

"దీనికి గడియారం బ్యాటరీ లేదా?"

"లేదు. కరెంటు పోతే ఆగినచోట నుంచే మొదలెడుతుంది. నెట్ నుంచి టైము తెచ్చుకుంటుంది గానీ..." అతని ముఖం పాలిపోయింది. "బూట్ అవడానికి ఆలస్యం చేస్తోందని ఆ సర్వీసు నేనే ఆపేశాను."

"సరిచెయ్యండి. త్వరగా!"

గడియారం సరైంది. ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి. రెండు నిమిషాల్లో సాఫ్ట్‌వేర్ ఎక్కింది.

"ముందు 3:07 వినిపించండి."

తలుపు కిర్రుమంది. పరుగెడుతున్న అడుగులు. ఆపైన ఒక ఆడగొంతు, గుండెలు చీల్చేలా: "అక్కా! అక్కా, ఎక్కడున్నావే?"

చెల్లెలు నిలుచున్నచోటే బిగుసుకుపోయింది. "అది నేను."

"మూడూ ఏడుకి మీరెక్కడున్నారు?"

"కౌంటర్లో. ఇక్కడికొచ్చింది ఐదింటికి."

"ఇప్పుడు 1:42."

దూరంగా సన్నగా సైరన్ కూత. తర్వాత అక్క గొంతు, కంగారుగా: "కూత కొట్టేశారు. షిఫ్టుకి టైమైపోయింది. నా కార్డేదీ?" గొళ్ళెం చప్పుడు.

"మిల్లు సైరన్!" చెల్లెలు అరిచింది. "మూడూ ముప్పై ఐదుకి కొడతారు, నాలుగు గంటల షిఫ్టుకి. కానీ మిల్లు వాచ్‌మన్..."

"వాచ్‌మన్ నిజమే చెప్పాడు. తప్పుడు గంట అడిగింది నేను." ఎస్సై అప్పటికే వీధిలో ఉంది. "జీపు తియ్యండి!"

జీపు దారం మిల్లు వైపు దూసుకుపోయింది. అక్కడ లోపల దారం చుట్టే వందలాది కదుళ్ళు, బెల్టులు, పళ్ళ చక్రాలు. వాటి మధ్య ఏ క్షణాన పడిపోతుందో తెలియని మనిషి. చెల్లెలు ఎస్సై చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎస్సై విడిపించుకోలేదు.

ఆరూ యాభై ఎనిమిదికి మిల్లు గేటు తెరుచుకుంది.

అక్క ప్రథమ చికిత్స గదిలో ఉంది. నుదుటి మీద కట్టు, చెంప మీద గీరుకున్న గాయం. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"కొత్తగా కాంట్రాక్టులో వచ్చిందనుకున్నాం," అన్నాడు సూపర్‌వైజర్. "గుంపులో కలిసొచ్చింది. రెండు గంటలు తెగిన దారాలు అతికింది, మా వాళ్ళకంటే చురుగ్గా. ఆరుంపావుకి ఫిట్స్ వచ్చాయి. పక్కనున్నావిడ జడ పట్టుకుని వెనక్కి లాగింది. లేకపోతే మెషీన్ మీదే పడేది."

అక్క చెల్లెల్ని చూసి నుదురు చిట్లించింది. "నువ్వెందుకొచ్చావే? షిఫ్టు ఇంకా అవలేదు."

చెల్లెలు ఆమె కాళ్ళ దగ్గర కూలబడి భోరుమంది.

ఏడూ నలభైకి అందరూ ఇంట్లో ఉన్నారు. ఆయా ఇంకా ఆ స్టూలు మీదే ఉంది. ఎవరూ లేవమనలేదు కాబట్టి లేవలేదు.

ఎస్సై ఆమె ఎదుటికొచ్చి నిలబడింది.

"కరెంటు లేనంతసేపూ పెట్టెలో టైము ఆగిపోయింది. గంటా యాభైమూడు నిమిషాలు. 1:42 అన్నది నిజానికి మూడూ ముప్పై ఐదు, మీరు వెళ్ళిపోయిన ఇరవై నిమిషాలకి. 12:37 ఫైలు కూడా విన్నాను. 'మింగమ్మా, నా తల్లి కదూ' అంటున్నారు మీరు. అంటే సరిగ్గా రెండున్నర." ఆమె గొంతు తగ్గింది. "పెట్టెని నమ్మి మిమ్మల్ని దొంగని చేశాను. తప్పు నాది."

"నాది," అన్నాడు మెకానిక్.

చెల్లెలు ఆయా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఆయమ్మా, నోటికొచ్చినట్టు తిట్టాను. కొట్టినా పడతాను. రేపు మానెయ్యకు."

ఆయా లేచి, కొంగు సర్దుకుని, మంచం దగ్గరికి వెళ్ళింది. ఎనిమిది గంటల మాత్ర తీసి అక్క అరచేతిలో పెట్టింది. గొంతు దిగేదాకా గ్లాసు పట్టుకుంది. నోరు తెరిపించి నాలుక కింద కూడా చూసింది.

తర్వాత చెప్పులేసుకుని గుమ్మం దగ్గర ఆగి చెల్లెలి వైపు తిరిగింది.

"ఈవిడ కోసం వస్తాను. నీతో మాత్రం మాట్లాడను."