వీపు జిప్పు

ఆ ఉదయం జగ్గారావు చేతిలో ఉన్నవి లెక్కపెట్టడానికి ఎంతోసేపు పట్టదు. కుట్టే యంత్రం ఒకటి, గుడ్డ రెండు చుట్టలు, జిప్పులు ఒక పెట్టెడు, నీళ్లలోకి దిగవలసిన మనిషి ఒక్కతె. గడువు మూడు రోజులు. ఆ తర్వాత మంచు పలకలు కదిలి, నీళ్లలోకి దిగడానికి మంచులో తొలిచిన రంధ్రం మూసుకుపోతుందని ఉపగ్రహం చెప్పేసింది.

అది 2094వ సంవత్సరం. గ్రీన్‌లాండ్ తూర్పు ఒడ్డున కొండల నడుమకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ అది. మ్యాపులో దానికేదో పేరుంది గాని, కళింగపట్నం నుంచీ భావనపాడు నుంచీ వచ్చి అక్కడ సముద్రపు నాచు పండిస్తున్నవాళ్లు తెల్లరేవు అనే అంటారు. మంచు కింద మైళ్ల పొడవునా తాళ్లు, తాళ్లకు వేలాడే నాచు. నాచు పిండి లేని వంటిల్లు ఆ రోజుల్లో అరుదు. కోతంతా యంత్రాలదే. అవి తాళ్లలో చిక్కుకుంటే విడదీయడానికి మాత్రం మనిషి చేతులు కావాలి. నీరు సున్నాకు ఒక డిగ్రీ కింద ఉంటుంది. వట్టి చేతుల్తో ముట్టుకుంటే నాలుగు నిమిషాల్లో వేళ్లు మాట వినడం మానేస్తాయి. అందుకే డ్రైసూట్ కావాలి. తెల్లరేవులో దాన్ని పొడితొడుగు అంటారు. మెడకూ మణికట్లకూ సీళ్లు బిగించి, చుక్క నీరు లోపలికి రానివ్వకుండా, మనిషిని గాలి పొరలో చుట్టి దించే తొడుగు.

ఎవరికి ఏ తొడుగన్నది తేల్చడమే జగ్గారావు వ్యాపారం. మొదట్లో తొడుగులు వరసగా వేలాడదీసి, వచ్చినవాడి ఒడ్డూ పొడవూ కంటితో కొలిచి అంటగట్టేవాడు. ఎనిమిదేళ్ల కింద దర్జీ వచ్చింది. దర్జీ అంటే మనిషి పట్టేంత గది. అందులో పావుగంట నిలబడితే ఒంటి కొలతలూ, వేళ్ల కొసలకు రక్తం చేరే వేగం, ఊపిరి తీరు, పాత డైవుల రికార్డు అన్నీ చూసి, గుడ్డ ఏదో, సీలు ఏదో, జిప్పు ఎక్కడో తనే నిర్ణయించి నాలుగు గంటల్లో కుట్టిస్తుంది. అది కుట్టినవాటిలో ఇంతవరకూ దిగినవాళ్లు రెండు వందల పన్నెండు మంది. పక్క రేవుల్లో ఏటా ఎవరో ఒకరు పైకి తేలకుండా పోతున్నా ఇక్కడ అందరూ ప్రాణాలతో తేలారు. గుడ్డలోనే ఏదో మహిమ ఉందని జగ్గారావు వచ్చినవాళ్లకు చెప్పేవాడు. చెప్పీ చెప్పీ తనూ నమ్మాడు.

ఆ రోజు దర్జీలో నిలబడింది ముత్యాలు, అతని సొంత అక్క కూతురు. ఆ రేవులో అంత చురుకైన చేయి లేదు, అంత మొండి ఘటమూ లేదు. సిలిండరులో గాలి ప్రకారం ఇరవై అయిదో నిమిషానికి వెనక్కి తిరగాలి. ముత్యాలు నలభై దాకా ఉంటుంది. పైనుంచి తాడు లాగితే తిరిగి లాగుతుంది, రాదు. కిందటిసారి పైకొచ్చేటప్పటికి రెండు నిమిషాల గాలి మిగిలింది.

నాలుగేళ్ల కింద జగ్గారావు ఆమెకు ఒక తొడుగు అమ్మాడు. దర్జీ కుట్టింది కాదు, ఎవరో తిరిగిచ్చేసినది. చిరిగిన మెడ సీలు జిగురుతో అతికించి, కొత్తదని చెప్పాడు. పదో నిమిషంలో అతుకు విడిపోయింది. పెదాలు నల్లబడి పైకొచ్చిన ముత్యాలు అప్పట్నుంచి అతన్ని మావా అనడం మానేసి సావుకారూ అంటోంది. అతని వైపు వీపు పెట్టి నిలబడింది కూడా లేదు.

గుడ్డ దగ్గర పేచీ రాలేదు. నురుగు రబ్బరు తనంత తానే వెచ్చగా ఉంటుంది గాని లోతుకు పోయేకొద్దీ నలిగి పల్చబడుతుంది. మూడు పొరల పల్చటి గుడ్డకు లోపల ఉన్ని కావాలి గాని చేతులు బాగా ఆడతాయి. చిక్కుకున్న కోత యంత్రం చుట్టూ ముడులు విప్పే పని కాబట్టి పల్చటిదే అంది దర్జీ, ముత్యాలూ సరేనంది. చిక్కంతా జిప్పు దగ్గర వచ్చింది. ఛాతీ జిప్పును ఎవరికి వారే లాగి మూసుకోవచ్చు. వీపు జిప్పు ఈ భుజం నుంచి ఆ భుజానికి పోతుంది, సొంత చెయ్యి అందదు. వేరొకరు జిప్పు పళ్లకు మైనం రాసి కొస దాకా లాగాలి. అంగుళం మిగిలితే సముద్రం లోపలికొస్తుంది.

కిందటి డైవులో పాడైపోయిన తన పాత తొడుగుకు ఉన్నట్టే ముత్యాలు ఛాతీ జిప్పు అడిగింది. ఆమె కుడి భుజం అందుకు అనుకూలం కాదని, వీపు జిప్పే నయమని దర్జీ మర్యాదగా చెప్పింది.

ముత్యాలు కుడి చేతిని గానుగలా నాలుగుసార్లు తిప్పి చూపించింది. “నా బుజానికేటైంది? ఆ మిసను కళ్లు పోయినాయేటి, సావుకారూ?”

బయటి కంపెనీ నుంచి రెడీమేడ్ ఛాతీ జిప్పు తొడుగు రావడానికి అయిదు రోజులు పడుతుంది. రంధ్రానికి మూడు రోజులే ఉంది. వీపు జిప్పు వేయడానికి రేవులో మనిషీ లేడు. మిగిలినవాళ్లంతా ఓడ మీద దక్షిణానికి పోయారు. తాడు పట్టే తాతారావు ఉన్నాడు గాని అతని ఎడమ చెయ్యి కట్టులో ఉంది. ఇక ఉన్నది జగ్గారావే. ముత్యాలు అతన్ని పై నుంచి కింద దాకా చూసి, కుట్టమని చెప్పి పోయింది.

జగ్గారావు తలుపు వేసుకుని దర్జీ ముందు కూర్చున్నాడు. సరుకు లేని రంగు అడిగినామెకు ‘ఆ రంగు మీకు నప్పదమ్మా’ అని అతను ఎన్నిసార్లు చెప్పలేదు. దర్జీ మర్యాద వెనక వినిపించిన ఆ అబద్ధపు గొంతు అతనికి తెలుసు.

“ఆ పిల్ల బుజం బాగానే ఉంది. అబద్ధం ఎందుకాడినావు?”

“భుజం బాగానే ఉంది,” అని దర్జీ ఒప్పుకుంది. “ఛాతీ జిప్పు వేసుకున్నవాళ్లు ఎక్కువసేపు ఉండిపోతున్నారు. వీపు జిప్పు వేయించుకున్నవాళ్లు సగటున ఆరు నిమిషాలు ముందే తిరుగుతున్నారు. కారణం చెబితే ఎవరూ వీపు జిప్పు తీసుకోవడం లేదు. అందుకని భుజం మీద పెడుతున్నాను.”

“అంటే గుడ్డ మహిమేటీ లేదన్నమాట.”

“లేదు. తిప్పి తెచ్చేది, పైన జిప్పు వేసిన మనిషి ఉన్నాడన్న తలపే. ఎవరు వేశారన్నదాన్ని బట్టి నిమిషాలు మారతాయి. ఆమెకు మీరు సరిపోతారు.”

ఆ మాట జగ్గారావుకు ఎక్కడో వెచ్చగా తగిలింది. నాలుగేళ్ల తర్వాత కూడా ఆ పిల్ల లోపల తన మీద ఇంత మమకారం మిగిలి ఉందని ఒక యంత్రం కొలిచి చెబుతోంది. మైనం ముద్ద తీసి ఒళ్లో పెట్టుకుని, తొడుగు కుట్టడం పూర్తయ్యేదాకా దాన్ని పిసుకుతూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున మంచు మీద ముత్యాలు అతనికి వీపు తిప్పింది. తిప్పేముందు రెండుసార్లు వెనక్కి చూసింది. జగ్గారావు పన్ను పన్నుకూ మైనం రాసి, ఊపిరి బిగబట్టి జిప్పు కొస దాకా లాగి, బొటనవేలితో మూడుసార్లు తడిమాడు. అయిపోయిందన్నాడు. ఆమె రంధ్రంలోకి దిగింది.

పది నిమిషాలు గడిచాయి. అతను రంధ్రం చుట్టూ తిరిగాడు. కూర్చున్నాడు, లేచాడు. తాడు కదిలిందా అని తాతారావును అడిగాడు. ‘నీ తిరుగుడుకి నాకు కళ్లు తిరగతన్నాయి, కూకో సావుకారూ’ అన్నాడతను. పదిహేను అయ్యేసరికి జిప్పు కొస తన వేలికి ఎలా తగిలిందో గుర్తు తెచ్చుకోబోతే సరిగా గుర్తు రాలేదు. ఇరవై అయ్యింది.

ఇరవయ్యొకటో నిమిషంలో ముత్యాలు తేలింది.

తాతారావు ఒంటిచేత్తో ఆమె నోటి గొట్టం అందుకుని చూశాడు. వాల్వు అంచున మంచు పేరుకుని ఉంది. ఇంకో పది నిమిషాలుంటే వాల్వు బిగుసుకుపోయేదని, పైకి రావడానికి కూడా గాలి అందేది కాదని చెప్పాడు. ముత్యాలు వినిపించుకోలేదు. గుడారంలో తొడుగు విప్పించుకుని, తిరగేసి, లోపలి ఉన్నిని అంగుళం అంగుళం అరచేత్తో నొక్కి చూసింది. ఎక్కడా తడి లేదు.

“పదో నిమిసం కాడ్నించీ ఈపు మీద నీరు పాకతన్నట్టే ఉంది,” అంది విసుగ్గా. “పని మీద మనసు నిలిస్తేనా. సగం ముడులిప్పి ఒగ్గీసి ఒచ్చీసినాను. రేపు మల్లీ దిగాలి.”

జగ్గారావు మెల్లగా కొట్లోకి వచ్చి దర్జీని అడిగాడు. ఎవరు వేస్తే ఎన్ని నిమిషాలు ముందు తిరుగుతారని.

“స్నేహితులు వేస్తే మూడు. భార్యాభర్తలు వేసుకుంటే నాలుగు,” అంది దర్జీ. “ఒకసారి మోసపోయినవాళ్లు, తమను మోసం చేసిన మనిషి చేత వేయించుకున్నప్పుడు పన్నెండుకు తగ్గలేదు. అలాంటివి ఇవాళ్టితో పద్దెనిమిది. అందరూ తేలారు.”

అతను మైనం ముద్దను తీసి జిప్పుల పెట్టెలో పడేశాడు.

తొడుగు భుజాన వేసుకుని ముత్యాలు గుమ్మంలోకి వచ్చింది. ఈసారి గొంతులో కసురు లేదు. తొడుగు పొడిగా ఉండటం ఆమెనూ ఇబ్బంది పెడుతున్నట్టుంది.

“ఒక్క మాట నిజం సెప్పు. ఇయ్యాల జిప్పు సివరికంటా లాగినావా?”

లాగాను, మూడుసార్లు చూశాను. ఆ మాట నాలుక మీదే ఉంది. ఈ ప్రశ్న ఆమె నోట ఇలా వినాలని నాలుగేళ్లుగా కాచుక్కూర్చున్నాడు. ఒక్క మాటంటే చాలు, పాత మచ్చ సగం చెరిగిపోయేది. రేపు ఆ పిల్ల కింద నిశ్చింతగా నలభై నిమిషాలు పనిచేసుకునేది.

“లాగాననే అనుకుంటన్నాను,” అన్నాడు, జిప్పుల పెట్టెలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకుని.

ముత్యాలు అలాగే చూసింది. “నీ బుద్ధి ఇంతే,” అనేసి తొడుగు బల్ల మీద పడేసి పోయింది.

జగ్గారావు లెక్క చూసుకున్నాడు. రాబడి, రేపు కూడా ఇరవయ్యొకటో నిమిషానికి పైకి వచ్చే మనిషి ఒకతె. అందుకు పెట్టుబడిగా మిగిలింది తన చెడ్డపేరు ఒక్కటే. ఇక అది చెడిపోకుండా చూసుకోవాలి.