నీతి పుస్తకంలో చీర ముక్కలు

మా మనవరాలు సుభాషిణి, పైయింటి నిరంజన్ మొదటిసారి మాట్లాడుకున్నది ఒక తడిసిన పుస్తకం గురించి. మాట్లాడుకున్నారనడం కంటే పోట్లాడుకున్నారనడమే సరి.

సూరత్‌లో కరోనా కొత్తగా వచ్చిన రోజులవి. ఖటోదరాలో నా కొడుకు సదానందం పనిచేసే సాంచలు ఆగిపోయాయి. ఆ మరమగ్గాల చప్పుడులోనే బతికినదాన్ని, ఇల్లంతా సద్దుమణిగితే నాకు నిద్ర పట్టేది కాదు. మెట్లు దిగడానికి భయపడి బిల్డింగులో అందరూ బాల్కనీల నుంచి తాళ్ళతో బుట్టలు దించేవాళ్ళు. పైయింటి బుట్ట మా బాల్కనీ ముందు నుంచే పోయేది.

నిరంజన్ హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు. వాళ్ళది రాజమండ్రి వైపు. ఇంట్లో అతనూ తల్లి శారదాంబా ఇద్దరే. బడిపంతులైన వాళ్ళ తాత పోతూ పోతూ మనవడికి పెట్టెడు నీతిశాస్త్రం పుస్తకాలు వదిలి వెళ్ళాడట. నా మనవరాలు డిగ్రీలో చదివేదీ అదే. కాలేజీ మూశారు, లైబ్రరీ మూశారు. పిల్ల దిగులు చూడలేక నేనే శారదాంబను అడిగాను. సాయంత్రానికి బుట్టలో ఒక పుస్తకం దిగింది.

సుభాషిణి పాల ప్యాకెట్‌కు కొట్టినట్టే దానికీ పేజీ పేజీనా శానిటైజర్ కొట్టింది. తాత అంచుల్లో సిరాతో రాసుకున్న మాటలన్నీ నీలం మబ్బుల్లా పాకిపోయాయి. మగ్గం పట్టిన ఇంటి పిల్ల గదా, తడి పుటల మధ్య సాంచల కాడి చీర ముక్కలు పరిచి, పైన బియ్యం డబ్బా పెట్టింది. పుటలైతే చక్కగా ఆరాయి. రాతలు మాత్రం తిరిగి రాలేదు.

పుస్తకం పైకి పోయిన కాసేపటికి నిరంజన్ తల కిందికి వంగింది. ఇదేమిటండీ ఇలా అయిందని అడిగాడు.

"వచ్చేటప్పుడే గట్లుండె," అన్నది మా పిల్ల ఆకాశం చూస్తూ.

"ఎక్కువ తడిసింది ఏ అధ్యాయమో తెలుసా? అబద్ధం ఆడకూడదన్నది."

నాకు నవ్వాగలేదు. పిల్ల ఒప్పుకుంది గానీ ఊరికే ఒప్పుకోలేదు. మీకు బాధయితదని ఆడిన, ఒకరి మంచికి ఆడితే తప్పెట్లయితదని ఎదురు వాదించింది. ఎవరి మంచికైనా సరే కుదరదన్నాడు అతను. మరి లోపల ఈ ఎర్ర గుడ్డముక్క ఏమిటని కూడా అడిగాడు. తీయడం మరిచిన ముక్క అది. పరువు పోతుందని, నాకు నచ్చనికాడ ఎర్రది పెడతా, నచ్చినకాడ పచ్చది పెడతా అన్నది.

ఆ అబద్ధమే మెల్లగా నిజమైంది. పుస్తకాలు దిగడం, ముక్కలతో ఎక్కడం. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే పిల్ల పైకి చదివేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. పూర్వం మా గల్లీలో ప్రేమించినవాడి కోసం ఇల్లు విడిచిన పిల్లను నూలు బస్తాల వెనక దాచి, బార్డోలీ బస్సెక్కిందని ఆమె తండ్రికి చెప్పిన సంగతి చెప్పాను. పై బాల్కనీలో వింటున్నాడు కాబోలు, మర్నాడు బుట్టలో ఒక పచ్చ ముక్క వచ్చింది. మామ్మగారి అబద్ధానికి మాత్రమేనట.

వానలు మొదలయ్యాయి. నిరంజన్ తాను తడుస్తూ, పుస్తకం తడవకుండా బుట్టకు గొడుగు కట్టి దించేవాడు. అందుకోవడానికి మా పిల్ల తనూ తడుస్తూ పైకి చూసేది. నీతి చదవడానికి అంతసేపు పైకి చూడాలా అని అడిగితే, వాన చూస్తున్నానన్నది.

ఇంతలో సిరిసిల్ల నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆదివారం ఫోన్ చేస్తాం, అవునో కాదో చెప్పమన్నారు. సదానందం అవుననడానికే ఉన్నాడు. పిల్ల అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతోంది.

ఆ ఆదివారమే గొడుగు బుట్ట మా వాడి కంటబడింది. బాల్కనీలోకి వచ్చి తల పైకెత్తాడు.

"ఏందయ్యా గిది? రోజు గీ బుట్ట దిగుడేంది? నా బిడ్డ మీద మనసున్నదా నీకు?"

వెనక నుంచి నేను లేదనమని చెయ్యి ఊపాను. పిల్ల చేతులు జోడించింది. నిరంజన్ ఇంకాస్త కిందికి వంగాడు.

"లేదనమని ఇద్దరూ సైగ చేస్తున్నారు అంకుల్. కానీ ఉందండి. చాలా ఉంది."

సదానందం మెల్లగా కూతురి వైపు తిరిగాడు.

"నీకో?"

"నువ్వు బాధపడకుండ అబద్ధం చెప్పాల్నా, నిజం చెప్పాల్నా బాపు?"

సాంచల కాడ పనివాళ్ళ మీద మాస్టర్ మా వాడు. దారం తెగినా, బట్ట తాను పాడైనా నేను కాదంటే నేను కాదనేవాళ్ళే రోజూ ఎదురవుతారు. తడుస్తూ నిలబడ్డ ఆ పిల్లాణ్ణి మళ్ళీ తలెత్తి చూశాడు.

"నిలదీస్తె నిజం చెప్పినోణ్ని గియ్యాల్నే చూసిన్నే అవ్వా," అన్నాడు నాతో.

పై నుంచి శారదాంబ, పిల్లను అడగడానికి రేపు మెట్లు దిగి వస్తాం అన్నయ్యగారూ అన్నది. అప్పుడే సిరిసిల్ల ఫోన్ మోగింది. పిల్లకింక శానా చదువున్నది, ఇప్పట్లో పెండ్లి చెయ్యనని మా వాడు చెప్పి పెట్టేశాడు.

నిమిషం కాకుండానే బుట్ట దిగింది. అందులో ఒకే ఒక ఎర్ర ముక్క. ఇదేందని అడిగిన మా వాడికి, ఎర్రదంటే నచ్చలేదని అర్థమని నేనే చెప్పాను.

"చూసినవానే అవ్వా. నీ కోసమే అబద్ధమాడితి గదరా అంటె నాకే ఎర్రది పంపుతుండు," అని సదానందం పడి పడి నవ్వాడు.

సుభాషిణి ఆ ఎర్ర ముక్కను తీసి చున్నీ కొసన ముడేసుకుంది. ఆ పచ్చ చున్నీ రెండో అంచు చింపి బుట్టలో పెట్టి, లాగమని తాడు కదిపింది. వానలో ఆ బుట్ట ఎంత తొందరగా పైకి పోయిందో.